పైన పది, కింద పది

మా ముత్తాత పేరు యాకోబు. గోదావరి దాటి అడవి పల్లెల్లోకి వాక్యం మోసుకుపోయిన తొలి క్రైస్తవ ఉపదేశుల్లో ఆయన ఒకరు. ఆయన కొడుకు, మా తాత దేవసహాయం, మిషను దవాఖానాలో కాంపౌండరు. భద్రాచలం నుంచి మణుగూరు దాకా ఆయన చెయ్యి తగలని జ్వరం లేదనేవాళ్లు. తాత కొడుకు, మా నాన్న ప్రకాశం, మిషను బోర్డింగు స్కూలుకి చివరి హెడ్మాస్టరు. మా ముత్తాతను తమ అరుగు ఎక్కనివ్వని రైతుల మనవలు, మలేరియా వస్తే మా అరుగు కింద చెప్పులు విడిచి, తాత పిలిచేదాకా నిలబడేవారు. ఇది గొప్పకి రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఒక ఇంటికి ఒకప్పుడు ఉన్న స్థానాన్ని ఉన్నట్టు చెప్పడంలో నాకు సిగ్గు లేదు. ఆ స్థానం మీద మాకున్న మక్కువే మమ్మల్ని ఎలా పడగొట్టిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

పోయిన నెల ఖమ్మంలో నేను ఉంటున్న కిరాయి ఇంటికి మా చర్చి సంఘంలోని రూతు వచ్చింది. బట్టల దుకాణంలో పనిచేస్తుంది, నెమ్మదైన పిల్ల. వాళ్ల అత్తగారికి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు దవాఖానాకి తీసుకెళ్లాలి. ఫోన్ తీసి ఎవరో బోధకుడి ప్రసంగం పెట్టింది. "ఆంటీ, లైవ్‌ల ఈయన మా అత్తమ్మను పేరు పెట్టి పిలిచిండు. స్వస్థత అయిందంట, ఇంక దవాఖానాకు పోవద్దంటుండు. అత్తమ్మ పోనంటుంది. ఈయన నిజమేనా?" అంది. "ఆయనకి మీ అత్తగారి పేరెలా తెలిసింది?" అన్నాను. "మేమే కింద కామెంట్ల రాసినం ఆంటీ" అని, అన్నాక తనే కాసేపు ఆ ఫోను వైపు చూసుకుంది. నేను టీ పెట్టాను. అది తాగేలోపు ఆ అమ్మాయికి నేను చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్లో మా ఇల్లే ఆఖరిది, దాని తర్వాత అడవి. నాకు ఊహ తెలిసేసరికే మిషను దొరలు వెళ్లిపోయారు, దవాఖానా మూతపడింది. నా ఇంటర్ అయిన ఏడాది బోర్డింగు స్కూలుకి కూడా తాళం వేశారు. తాత మందుల గదిలో మేము బియ్యం బస్తాలు పెట్టుకున్నా, అలమారల చెక్కలోంచి టింక్చరు వాసన, కార్బాలిక్ సబ్బు వాసన పోలేదు. ఎండలు ముదిరే ముందు చుట్టుపక్కల ఇళ్ల వాకిళ్లలో ఇప్పపూలు ఆరేసేవారు. ఆ తీపి వాసనా ఈ మందుల వాసనా కలిసిన గాలి ఇప్పుడు ఎక్కడైనా తగిలితే చాలు, నాకు నాన్న గొంతు వినిపిస్తుంది. ఆయన రోజూ పొద్దున్నే హాల్లో నిలబడి ప్రార్థన చేసేవారు, కూర్చుని ఎప్పుడూ చెయ్యలేదు. ఇస్త్రీ లేని చొక్కాతో దేవుడి ముందుకి వెళ్లకూడదని ఆయన పట్టుదల. స్కూలు పోయాక ఇస్త్రీ చేసే మనిషి కూడా మానేస్తే, అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఆ చొక్కా రుద్దేది. అమ్మ పేరు శాంతమ్మ.

మా ఇంటికి ఒక ఆచారం ఉండేది. ఆదివారం మా సంఘంలో ఎవరు ప్రసంగం చేసినా, ఊరి పాస్టరుగారైనా, దూరం నుంచి వచ్చిన దైవజనుడైనా, సోమవారం పొద్దున మా అరుగు మీద కుర్చీలో కూర్చోవాలి. జనం పనుల్లోకి పోకముందు జొన్న గటక తాగి వచ్చి చాపల మీద కూర్చునేవారు. ఎవరైనా అడగొచ్చు: "మీరు నిన్న చెప్పింది ఎక్కడుంది?" ఆయన వచనం చెప్తాడు. అప్పుడు మా ఇంటివాళ్లు ఒకరు గ్రంథం తెరిచి, ఆ వచనానికి పైన పది వచనాలు, కింద పది వచనాలు పైకి చదవాలి. అంతే. వాదన ఉండదు. చదివింది విని ఎవరికి వారు తూకం వేసుకుంటారు. ఈ పద్ధతి పెట్టింది తాత. సీసా మీద చీటీ చూసి మందు పోసే కాంపౌండరు ఆయన. చీటీ చూడకుండా పోస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నాన్నకి కళ్లు మసకబారాక ఆ చదివే పని నాకు వచ్చింది. పందొమ్మిదేళ్లకే అంతమంది పెద్దల మధ్య నిటారుగా కూర్చుని చదువుతుంటే, ఉన్నవన్నీ పోయినా ఇది మాత్రం మాదే అనిపించేది.

ఆ చాపల మీద కూర్చునేవాళ్లలో మార్తమ్మ ఒకరు. కోయ మనిషి, భర్త లేడు, బీడీలకి తునికాకు కోసి బతికేది. చదువు రాదు. అందుకేనేమో అందరికంటే ఎక్కువ అడిగేది ఆమే. "నాకు సదువు రాదు గాని ఇనుడు వస్తది" అనేది. ఒకసారి ఒక బోధకుడు చెమటలు తుడుచుకుంటుంటే, "అయ్యగారికి గాలి ఇసరుండ్రి, ఇంకో రెండున్నయి నాయి" అని అందర్నీ నవ్వించింది. నాన్నకి ఆమె అంటే గౌరవమే, కానీ ఆ గౌరవంలో కాస్త ఎత్తు ఉండేది. నాలోనూ ఉండేది. అది దాచను.

అమ్మకి టీబీ అని తేలింది ఆ రోజుల్లోనే. సబ్‌సెంటర్లో అమ్మ పేరు రాసిన అట్టపెట్టె ఒకటి ఉండేది. ఆరు నెలల బిళ్లలన్నీ అందులోనే. వారానికి మూడు రోజులు అమ్మ అక్కడికి వెళ్లి నర్సు సిస్టరు ఎదురుగా మింగి రావాలి. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకుంది, మళ్లీ ఆరాధనలో పాట ఎత్తుకోవడం మొదలుపెట్టింది. అమ్మది మా సంఘంలోకెల్లా మంచి గొంతు. సరిగ్గా అప్పుడు వచ్చాడాయన.

ఆయన పేరు రాయను. కృష్ణా జిల్లా వైపు నుంచి మూడు రోజుల స్వస్థత కూటాలకి వచ్చాడు, బస మా ఇంట్లోనే. మోసం చేసేవాడు మోసగాడి ముఖం పెట్టుకుని వస్తాడనుకునేవాళ్లు ఆయన్ని చూసి ఉండాల్సింది. అరిచేవాడు కాదు. తక్కువ తినేవాడు. తన కంచం తానే కడుక్కున్నాడు. కానుకల మాట ఎత్తలేదు. తాత మందుల గది చూపించమని అడిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. ఆ చెప్పులు విడవడంతోనే నాన్న సగం ఆయన మనిషైపోయారు. మూడో రోజు ఆదివారం. ఆరాధనలో నాన్నని ముందుకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "ఈ అడవిలో దీపం పెట్టిన ఇల్లు ఇది. ఆరిపోయిందని మనుషులు అనుకుంటున్నారు. ఈ ఇంటి మొదటి మహిమ కంటే రాబోయే మహిమ ఎక్కువ. హగ్గయి ప్రవక్తకి ఇచ్చిన మాట, ఇవాళ మీ కోసం ఇస్తున్నాడు దేవుడు" అన్నాడు. స్కూలుకి తాళం వేసిన రోజు కూడా తడవని నాన్న కళ్లు తడిశాయి. చాప మీద కూర్చున్న నా వెన్ను నాకు తెలియకుండానే ఇంకాస్త నిటారైంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. చిన్న సీసాలో నూనె ఇచ్చాడు. "దేవుడు ముట్టాడమ్మా. ఇంక ఆ బిళ్లలు మింగడమంటే, ఆయన చేతికి అర్జీ ఇచ్చి మళ్లీ వెనక్కి లాక్కోవడమే" అన్నాడు. అమ్మ నాన్న వైపు చూసింది. కాంపౌండరు కొడుకు ఆయన. గోలీ మధ్యలో ఆపితే ఏమవుతుందో నోట్లో పళ్లు రానప్పటి నుంచి విన్న మనిషి. నేల వైపు చూసి, "అట్లాగే కానివ్వు" అన్నారు. పొద్దున దొరికిన మాట నిజమైతే మధ్యాహ్నం దొరికిన మాట కూడా నిజం కావాలి కదా. ఒకటి ఉంచుకుని ఒకటి వదులుకోవడం కుదరదు. ఆయన ముందు మాకు ఇష్టమైనది ఇచ్చాడు, తర్వాత మాకు అవసరమైనది తీసుకున్నాడు. ఆ వరస నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ సాయంత్రం నేను గ్రంథం తీసి హగ్గయి తెరిచాను. అలవాటు. చాలా చిన్న పుస్తకం, రెండే అధ్యాయాలు. ఆ వచనానికి పైన పది చదివాను. చెర నుంచి తిరిగొచ్చి యెరూషలేములో మందిరం కట్టుకుంటున్న జనంతో చెప్పిన మాటలవి. ఆ మాటలోని ఇల్లు ఆ మందిరమే. మా ఇల్లు కాదు, ఎవరి ఇల్లూ కాదు. కింద పది చదివాను. వెళ్లి యాజకులను ప్రశ్న అడగమని దేవుడే చెప్తున్నాడు. ప్రశ్న ఏమిటంటే, ప్రతిష్ఠించిన మాంసం కట్టుకున్న బట్ట చెంగు వేరే ఆహారానికి తగిలితే ఆ ఆహారం పరిశుద్ధమవుతుందా అని. కాదు అని వాళ్ల జవాబు. పెద్దల పరిశుద్ధత చెంగుకి అంటుకుని పిల్లలకి రాదని నాకు ఆ రోజే తెలిసింది. నేను పుస్తకం మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ మాట మాదై ఉండాలని నాన్నకి ఎంత ఆశో నాకూ అంతే.

సోమవారం పొద్దున అరుగు మీద నాన్న కుర్చీ వెయ్యనివ్వలేదు. ఇంట్లో ఉప్పు తిన్న అతిథిని కూర్చోబెట్టి అడగడం మర్యాద కాదన్నారు. అంతకుముందు కూర్చున్నవాళ్లందరూ మా ఉప్పు తిన్నవాళ్లే. జనం వచ్చి నిలబడ్డారు. మార్తమ్మ మెట్టు దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా, ఇయ్యాల కుర్చీ ఎయ్యలే?"

"ఇవాళ లేదు మార్తమ్మా. అయ్యగారు అలసిపోయారు."

"కూసునుడు గూడ అలుపేనా? కూలీ పని గాదు గద."

ఎవరో నవ్వారు. లోపల్నుంచి ఆయన సంచీ భుజానికి వేసుకుని వచ్చాడు. "ఏం తల్లీ, ఏమిటి నీ బాధ?" అన్నాడు మెత్తగా.

"బాధ ఏం లేదయ్యగారూ. శాంతమ్మను గోలీలు మానెయ్యమన్నరంట. గా మాట ఏడుందో ఈ పిల్లతోని సదివిస్తే, ఇని నా పనికి నేను పోత."

"విశ్వాసం ఉన్నచోట ప్రశ్న ఉండదమ్మా. ప్రశ్న పుట్టించే ఆత్మ ఏదో నీకు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తది? అడుగుడు మాకు ఈళ్ల తాతనే నేర్పిండు. ఆయనకు ఏ ఆత్మ ఉండెనో మరి, ఈళ్లనే అడుగుండ్రి."

"చాలు మార్తమ్మా!" అన్నారు నాన్న. ఆయన గొంతు పెంచడం నేను విన్నది అరుదు. "ఇంటికొచ్చిన దైవజనుణ్ని వాకిట్లో నిలబెట్టి అడిగే పద్ధతి మా ఇంట్లో లేదు."

"నిన్నటి దాంక గదే పద్ధతి గదయ్యా" అని, ఆమె నా వైపు తిరిగింది. "గ్రేసమ్మా, నువ్వన్న సదివినవా, పైన పది, కింద పది?"

"చదవలేదు" అన్నాను.

మా అరుగు మీద నేను ఆడిన అబద్ధం అది. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, "సరే బిడ్డా" అని వెళ్లిపోయింది. ఆయన జీపు ఎక్కాడు.

ఆ మరుసటి ఆదివారం ఆరాధనలో అమ్మ స్వస్థత సాక్ష్యం చెప్పింది. సబ్‌సెంటర్ సిస్టరు ఇంటికే వచ్చింది. "మేడం, పెట్టెల ఇంకా నాలుగు నెలల గోలీలున్నయ్. మీ పేరు మీదనే ఉన్నయ్, ఇంకొకరికి ఇయ్యరాదు" అని బతిమాలింది. తగ్గిపోయింది సిస్టర్ అంది అమ్మ. "తగ్గినట్టే ఉంటది మేడం. గదే దీంతోని తంటా" అంది ఆమె. నాన్న ఆమెకి టీ ఇప్పించి మర్యాదగా పంపేశారు. మేము ఎవరినీ అమర్యాదగా పంపేవాళ్లం కాదు.

వానలు పడ్డాక దగ్గు మళ్లీ మొదలైంది. అమ్మ దాన్ని దాచింది. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లేది, కొంగు నోట్లో కుక్కుకునేది, ఆ నూనె గుండెకి రాసుకునేది. దగ్గడం తన అవిశ్వాసమనుకుంది. నాన్న ఎస్టీడీ బూతు నుంచి ఆ బోధకుడికి ఫోన్ చేస్తే, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని చెప్పాడట. నాన్న వచ్చి భోజనాల దగ్గర మమ్మల్ని అడిగారు. అమ్మ అన్నం కలుపుతూ ఆలోచించి, చిన్నప్పుడు చెల్లెలి గాజులు రెండు దాచుకున్నానని, ఎప్పుడూ చెప్పలేదని అంది. యాభై ఏళ్ల మనిషి, ఊపిరి అందక, గాజుల కోసం ఏడ్చింది. నాన్న తినకుండా లేచారు. నాకు కూడా ఒప్పుకోని పాపం ఉందని నాకొక్కదానికే తెలుసు. అది గాజుల్లాంటిది కాదు.

అమ్మ కొంగు మీద రక్తం చూసిన పొద్దున నేను మార్తమ్మ గుడిసెకి నడిచి వెళ్లాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు, వాళ్లే మా ఇంటికి వచ్చేవాళ్లు. ఆమె పొయ్యి ఊదుతోంది. "నేను చదివాను మార్తమ్మా. ఆ రోజే చదివాను" అన్నాను.

"తెలుసు బిడ్డా. నీ మొకంల కనపడె."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"నేనంటే ఎవరు ఇంటరు? సదివినోళ్లు చెప్పాలె. ఏమో, చెప్తవని చూసిన." పొగకి కళ్లు తుడుచుకుని లేచింది. "నడు. ఇంకా ఊపిరున్నది గద మీ అమ్మకు."

మా ఇంటికొచ్చి ఆమె హాల్లో నేల మీద కూర్చుంది. అమ్మ మంచం మీద, నాన్న కిటికీ దగ్గర. నేను నిలబడి చదివాను. పైన పది. ఆ వచనం. కింద పది. యాజకులను అడగమన్న చోటికి వచ్చేసరికి నాన్న కళ్లద్దాలు తీసేశారు. "ఇది నీకు ఎప్పుడు తెలుసు?" అన్నారు. చెప్పాను. ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అమ్మే మాట్లాడింది. "అయితే ఆ గాజుల వల్ల కాదన్నమాట" అంది. మార్తమ్మ ఆమె పాదాలు పట్టుకుని, "గాజులకు దేవుడు గింత పగబడితే మాయి ఎన్ని ప్రాణాలు పోవాలె శాంతమ్మా, నేను దొంగిలించిన మామిడికాయలకు లెక్కుందా?" అంది. అమ్మ నవ్వింది, ఆ నవ్వుతోనే దగ్గింది.

ఖమ్మం డాక్టరు పరీక్షలు చేయించి, మందు మధ్యలో ఆపడం వల్ల ఆ బిళ్లలకి ఇప్పుడు జబ్బు లొంగడం లేదని, హైదరాబాదు తీసుకెళ్లాలని చెప్పాడు. బయల్దేరే ముందు వచ్చిన సోమవారం నాన్న అరుగు మీద తనే కుర్చీ వేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందులో తనే కూర్చున్నారు. జనానికి జరిగింది అంతా చెప్పి, అడగమన్నారు. ఆ ఇంటి మనిషిని అడగడం ఎవరికి అలవాటు? చివరికి మార్తమ్మే లేచింది.

"ఒక్కటే అడుగుత అయ్యా. ఆయన మీ ఇంటి ముచ్చట చెప్పకుండ, నా గుడిసెకు మహిమ వస్తదని చెప్పి, నన్ను గోలీలు మానమంటే, సోమారం ఆయన్ను కూసోబెట్టేటోడివా, లేదా?"

నాన్న చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. "కూర్చోబెట్టేవాణ్ని" అన్నారు.

మా కుటుంబంలో మూడు తరాలు ఎన్నో ప్రసంగాలు చేశాయి. వాటన్నిటిలో నాకు నికరంగా గుర్తున్నది ఆ ఒక్క మాట. తర్వాత ఎప్పుడో బస్సులో వెళ్తూ నేను నాన్నని అడిగాను, ఆ బోధకుడు తెలిసే అబద్ధం చెప్పాడంటారా అని. "తెలియక చెప్పినా సరే, సీసా మారితే మనిషి పోతాడు కదమ్మా" అన్నారు. నాన్న ఆయన్ని ఎప్పుడూ తిట్టలేదు. నేను మాత్రం అంత మంచిదాన్ని కాను. ఆ కంచం కడుక్కోవడం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఎక్కువ కోపం నా మీదే. నాకు చదువు ఉంది, పద్ధతి ఉంది, పుస్తకం చేతిలో ఉంది. మోసాన్ని గుర్తుపట్టలేక పడిపోయినవాళ్లం కాదు మేము. గుర్తుపట్టి, పుస్తకం మూసుకున్నవాళ్లం.

రూతుకి నేను చెప్పింది ఇంతే. ఆయన మీ గురించి చెప్పిన తీపి మాట ఏదో ముందు అది పక్కన పెట్టు, మిగిలింది అప్పుడు చదువు. వచనం చెప్తే పైన పది, కింద పది చదువు. అడిగితే నిలబడతాడా, లేక అడిగినవాళ్లలోనే తప్పు వెతుకుతాడా చూడు. మందు పనిచేయకపోతే డాక్టరు మందు మారుస్తాడు, ఇలాంటివాళ్లు రోగిలో పాపం వెతుకుతారు. "ఫోన్ల ఉన్నాయన్ను ఏడ కూసోబెట్టాలె ఆంటీ?" అంది రూతు. నిజమే. అప్పుడు బోధకుడు జీపులో వచ్చేవాడు, మా అన్నం తినేవాడు, కావాలనుకుంటే మా అరుగు దాటకుండా ఆపగలిగేవాళ్లం. ఇప్పుడు బోధ దిండు పక్కకే వస్తోంది, అడిగే చోటు లేదు. అప్పటి మాకు కుర్చీ ఉండి కూడా వెయ్యలేదు. ఇప్పటివాళ్లకి కుర్చీ లేదు. ఎవరిది ఎక్కువ తప్పో నేను తేల్చలేను. "మీ అత్తగారిని రేపు దవాఖానాకి తీసుకెళ్లు. నేను కూడా వస్తాను, పుస్తకం తెస్తాను" అన్నాను. మర్నాడు ముగ్గురం ఆటోలో వెళ్లాం. ఆవిడ దారంతా నాతో మాట్లాడలేదు, కానీ వచ్చింది.

అమ్మ బతికింది. రెండేళ్లు మందులు వాడింది, కానీ అప్పటికే ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది, మెట్లు ఎక్కలేకపోయేది, మళ్లీ పాట ఎత్తుకోలేదు. ఆ మందులు అప్పట్లో బయట కొనుక్కోవాల్సి వచ్చేది. ఏజెన్సీ చట్టం వల్ల మా స్థలం గిరిజనులు కాని బయటివాళ్లకి అమ్మడానికి వీల్లేదు. అందుకని ఇల్లు విప్పించి టేకు దూలాలు, తలుపులు, కిటికీలు, పెంకులు మధిర నుంచి వచ్చిన కలప వ్యాపారికి అమ్మేశాం. రెండు లారీలు పట్టాయి.